పరాయి దేశంలో చిన్న ఊరు: వెస్ట్‌మోర్లాండ్ చెప్పే పాఠం



విదేశాలకు ఎలా వెళ్లాలో చెప్పేవాళ్లు ఇప్పుడు ప్రతి పట్నంలోనూ ఉన్నారు. ఏ పరీక్ష రాయాలి, ఏ కాగితాలు జతచేయాలి, బ్యాంకులో ఎంత సొమ్ము చూపించాలి, పెట్టెలో ఏ పచ్చళ్లు సర్దుకోవాలి అనే దాకా అన్నీ చెబుతారు. విమానం దిగిన తర్వాత అక్కడి మనుషుల మధ్య ఎలా నిలదొక్కుకోవాలో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఈనాటి ప్రసంగంలో మనం మాట్లాడుకోబోయేది ఆ సంగతే. అందులోనూ పెద్ద నగరాల గురించి కాదు, చిన్న ఊళ్ల గురించి.

చిన్న ఊళ్లే ఎందుకని మీరు అడగవచ్చు. అమెరికాలో పేరున్న విశ్వవిద్యాలయాలు అనేకం చిన్న పట్టణాల్లోనే ఉన్నాయి. 1965లో ఆ దేశపు వలస చట్టం మారిన తర్వాత వెళ్లిన మన డాక్టర్లలో చాలామంది, అక్కడివాళ్లు వెళ్లడానికి ఇష్టపడని పల్లెటూరి ఆసుపత్రుల్లో చేరారు. కాబట్టి మీలో ఎవరైనా రేపు విదేశానికి వెళితే, న్యూయార్కులోనో లండన్‌లోనో కాకుండా, పేరు కూడా వినని ఊళ్లో దిగే అవకాశం చాలానే ఉంది.

నగరానికీ చిన్న ఊరికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. నగరంలో కొత్తవాడు జనంలో కలిసిపోతాడు. తనవాళ్లున్న పేట వెతుక్కుంటాడు. అక్కడే కిరాణా కొట్టు, అక్కడే గుడి, అక్కడే స్నేహితులు. పక్కింటివాడి పేరు తెలియకుండా పదేళ్లు గడిపేయవచ్చు. చిన్న ఊళ్లో ఆ వీలు లేదు. ఒకటే పోస్టాఫీసు, ఒకటే బడి, రెండు మూడు దుకాణాలు. వచ్చిన వారం తిరగకుండానే అందరికీ మీరు తెలిసిపోతారు. అక్కడ దాక్కోవడానికి చోటు ఉండదు. దీనివల్ల కష్టమూ ఉంది, మేలూ ఉంది. ఆ రెండింటినీ ఒక మనిషి జీవితంలో చూద్దాం. ఆయన పేరు దలీప్ సింగ్ సౌంద్. ఆయన స్థిరపడిన ఊరు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉన్న వెస్ట్‌మోర్లాండ్.

ఆ ఊరు, ఆ నేల

మీ అట్లాసులో కాలిఫోర్నియా పటం తీయండి. రాష్ట్రానికి దక్షిణపు కొసన, మెక్సికో సరిహద్దును ఆనుకుని ఇంపీరియల్ లోయ కనిపిస్తుంది. లోయలో ఎక్కువ భాగం సముద్రమట్టం కంటే కిందే ఉంటుంది. వాన దాదాపు లేదు. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మన రెంటచింతల ఎండలు ఎరిగినవాళ్లకు ఇంతకన్నా వివరించనక్కరలేదు. 1901లో కొలరాడో నది నీరు కాలువ ద్వారా ఈ ఎడారికి చేరింది. నీరు రాగానే పత్తి, కూరగాయలు, పశుగ్రాసం పండటం మొదలైంది. బ్రాలీ, ఎల్ సెంట్రో, హోల్ట్‌విల్, వెస్ట్‌మోర్లాండ్ వంటి చిన్న ఊళ్లు పుట్టుకొచ్చాయి. వెస్ట్‌మోర్లాండ్ జనాభా ఈనాటికీ సుమారు రెండు వేలే.

ఈ లోయకు 1910 ప్రాంతం నుంచి పంజాబీ రైతులు రావడం మొదలైంది. కాలువ నీటితో సేద్యం చేయడం వాళ్లకు ఇంటి దగ్గరే అలవాటు. ఎండ కొత్త కాదు, పత్తి కొత్త కాదు. పని విషయంలో ఆ నేల వాళ్లకు పరాయిది కాదన్నమాట. పరాయిగా ఉన్నవి చట్టమూ, మనుషుల చూపూ. వచ్చినవాళ్లు సిక్కులైనా ముస్లింలైనా అక్కడివాళ్లు అందరినీ 'హిందూ' అనే పిలిచేవారు. ఆ మాటకు మతంతో సంబంధం లేదు. ఫలానా దేశం నుంచి వచ్చిన కూలీ అని దాని అర్థం.

గణితంలో డాక్టరేటు, పత్తి చేలో మేస్త్రీ పని

సౌంద్ 1899లో అమృత్‌సర్ జిల్లాలోని ఛజ్జల్‌వాడీ గ్రామంలో పుట్టారు. పంజాబ్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో పట్టా పొంది, 1920లో అమెరికా చేరారు. పండ్లనూ కూరగాయలనూ డబ్బాల్లో నిల్వచేసే విద్య నేర్చుకుని తిరిగిరావాలన్నది మొదటి ఆలోచన. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరారు. స్టాక్‌టన్ పట్టణంలోని గురుద్వారా వారు విద్యార్థుల కోసం నడిపే వసతిగృహంలో ఉన్నారు. సెలవుల్లో డబ్బాల కర్మాగారాల్లో పనిచేశారు. తర్వాత గణితం వైపు మళ్లి 1924లో డాక్టరేటు పొందారు.

డాక్టరేటు చేతిలో ఉంది, కానీ ఆనాటి పరిస్థితుల్లో ఒక భారతీయుడికి అధ్యాపక ఉద్యోగం దొరికే ఆశ లేదు. 1925లో ఆయన ఇంపీరియల్ లోయకు వెళ్లి, పత్తి ఏరే కూలీల ముఠాకు మేస్త్రీగా చేరారు. తర్వాత సొంత సేద్యం మొదలుపెట్టారు. లెట్యూస్ అనే ఆకుకూర వేసి నష్టపోయారు. 1930ల ఆర్థిక మాంద్యాన్ని అందరు రైతులతో పాటే అనుభవించారు. కొన్నేళ్ల తర్వాత వెస్ట్‌మోర్లాండ్‌లో ఎరువుల వ్యాపారం కూడా చేశారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆయన ఆ ఊరివాళ్లకు చేరువైంది గణిత పండితుడిగా కాదు. ధర పడిపోతే తమలాగే దిగాలుపడే రైతుగా, కాలువ నీటి కోసం తమలాగే ఎదురుచూసే రైతుగా చేరువయ్యారు. చిన్న ఊళ్లో పరిచయం మాటలతో కన్నా పనితో ముందు మొదలవుతుంది. బేరంలో మాట తప్పాడా, అరువు తీర్చాడా, పక్కవాడి చేనుకు ఆపద వస్తే వెళ్లాడా అన్నవి ఊరంతా చూస్తుంది, గుర్తుపెట్టుకుంటుంది. ఇంతకుముందు దాక్కోవడానికి చోటు లేదని అన్నాను కదా, దాని మేలు ఇదే. మంచి పేరు కూడా అక్కడ దాగదు.

తలుపు మూసిన చట్టం

అయితే కష్టపడి పనిచేస్తే అంతా సర్దుకుంటుందని చెప్పి ఈ కథ ముగిస్తే అది సగం నిజమే అవుతుంది. రెండో సగం చట్టానికి సంబంధించినది.

ఆనాటి అమెరికా చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్లలో తెల్లజాతివారికీ ఆఫ్రికా సంతతివారికీ మాత్రమే పౌరసత్వం దొరికేది. భగత్ సింగ్ థింద్ అనే సిక్కు యువకుడు మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసి, పౌరసత్వం కోరాడు. 1923లో ఆ దేశపు సుప్రీంకోర్టు, సామాన్య జనుల దృష్టిలో భారతీయులు తెల్లజాతివారు కారు కనుక అర్హత లేదని తీర్పు చెప్పింది. అప్పటికే పౌరసత్వం పొందిన కొందరు భారతీయుల నుంచి దాన్ని తిరిగి లాగేసుకున్నారు కూడా.

పౌరసత్వం లేకపోతే ఏమిటి నష్టం, పని చేసుకోవచ్చు కదా అనిపించవచ్చు. కానీ ఒక చట్టం మరో చట్టానికి ముడిపడి ఉంటుంది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదని 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 1920లో దాన్ని బిగించి కౌలు దారి కూడా మూసింది. అంటే తన చేతులతో ఎడారిని చేనుగా మార్చిన రైతు, ఆ చేనుకు కౌలుదారుగా కూడా కాగితం మీద పేరు రాసుకోలేడు. అప్పుడు ఏం చేశారు? నమ్మకమున్న స్థానికుల పేరు మీద, అమెరికాలో పుట్టడం వల్ల పుట్టుకతోనే పౌరులైన పిల్లల పేరు మీద సేద్యం సాగించారు. ఎదుటివాడు మాట తప్పితే కోర్టుకు వెళ్లే దారి లేదు. నమ్మకమే వాళ్లకు దస్తావేజు.

ఇంటి గడప

చట్టం పొలం దగ్గరే ఆగలేదు, ఇంటి గడప దాకా వచ్చింది. 1917 వలస చట్టం ఆసియాలోని అధిక భాగం నుంచి కూలీల రాకను నిషేధించింది. పంజాబ్‌లో భార్యాపిల్లలను వదిలి వచ్చినవాళ్లకు వాళ్లను తెచ్చుకునే దారి మూసుకుపోయింది. వెళ్లి వద్దామంటే తిరిగి రానిస్తారన్న భరోసా లేదు. తెల్లజాతివారితో వివాహాన్ని కాలిఫోర్నియా చట్టం అడ్డుకునేది. ఈ పరిస్థితుల్లో ఇంపీరియల్ లోయలో చాలామంది పంజాబీలు, ఆ పొలాల్లోనే పత్తి ఏరడానికి వచ్చిన మెక్సికన్ కుటుంబాల ఆడపిల్లలను పెళ్లాడారు. ఇలా వందలాది కుటుంబాలు ఏర్పడ్డాయి.

ఆ ఇళ్లలోకి ఒకసారి తొంగిచూద్దాం. తండ్రి పంజాబీ, తల్లి మాటలాడేది స్పానిష్, పిల్లలకు బడిలో ఇంగ్లీషు. పిల్లల పేరు మరియా అయితే ఇంటిపేరు సింగో ఖానో అయ్యేది. తల్లి చర్చికి వెళుతుంది, తండ్రికి వీలు చిక్కితే స్టాక్‌టన్ గురుద్వారాకు వెళతాడు. వంటింట్లో మాత్రం పెద్ద తగవు లేదు. మెక్సికన్లు టోర్టియా అనే రొట్టె చేసుకుంటారు, కారం మిరపకాయలు తింటారు. ఆ తల్లులు రోటీ, కోడికూర చేయడం నేర్చుకున్నారు. క్రైస్తవ సంప్రదాయంలో బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు ఒక జ్ఞానపిత ఉండాలి. ఒకరి పిల్లలకు మరొకరు జ్ఞానపితలుగా నిలిచి, సముద్రాల అవతల వదిలివచ్చిన బంధుత్వాలకు బదులు కొత్త బంధుత్వాలు అల్లుకున్నారు.

పోయిందేమీ లేదని మాత్రం అనుకోకండి. ఆ పిల్లల్లో ఎక్కువమందికి పంజాబీ రాలేదు. తండ్రి తన తల్లితో మాట్లాడిన భాష ఇంట్లో తర్వాతి తరానికే ఆగిపోయింది. పెళ్లే కాని మరికొందరు కూలీల బసల్లోనే ఒంటరిగా ముసలివాళ్లయ్యారు. స్థిరపడటం అనే మాటలో ఈ లెక్క కూడా ఉంది.

సౌంద్ 1928లో మేరియన్ కోసా అనే అమెరికన్ యువతిని పెళ్లాడారు. ఆమె కుటుంబం చెక్ మూలాలున్నది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్ని కూడా కోల్పోతుందని ఆనాటి చట్టం. ఆ నిబంధన 1931 దాకా ఉంది. ఆ దంపతులకు ముగ్గురు పిల్లలు. ఆయన ఫొటోలు చూస్తే మరో సంగతి తెలుస్తుంది. ప్రజాజీవితంలో ఉన్న నాటి ఫొటోల్లో ఆయన తలపై తలపాగా లేదు. అది ఒప్పా తప్పా అని తీర్పు చెప్పడం మన పని కాదు. ఒక ఊరు మనల్ని తనలో కలుపుకునేటప్పుడు ఏదో ఒకటి వదలమని అడుగుతుంది. ఏది వదలవచ్చు, ఏది వదలకూడదు అని ఎవరికి వారు ముందే ఆలోచించుకోవాలి.

ఆయన వదలనిది ఒకటుంది. భారతదేశాన్ని కించపరుస్తూ కేథరిన్ మేయో రాసిన 'మదర్ ఇండియా'కు జవాబుగా 1930లో 'మై మదర్ ఇండియా' అనే పుస్తకం రాశారు. దాన్ని స్టాక్‌టన్ గురుద్వారా ప్రచురించింది. ఆ లోయలో సభలు, క్లబ్బులు, చర్చిలు ఎక్కడ పిలిచినా వెళ్లి మన స్వాతంత్ర్య పోరాటం గురించి మాట్లాడేవారు. పొలం పని చేసుకుంటూనే ఆ ఊళ్ల ప్రజలకు మన దేశం గురించి పాఠం చెప్పారు.

తాళం తీయడం

చట్టం మూసిన తలుపును చట్టంతోనే తెరవాలి. 1942లో అమెరికాలో ఇండియా అసోసియేషన్ ఏర్పడినప్పుడు సౌంద్ దానికి నాయకత్వం వహించారు. ఇంకా ఎందరో భారతీయులు, మన దేశం పట్ల సానుభూతి ఉన్న అమెరికన్లు కలిసి చట్టసభ సభ్యులను ఒప్పించారు. 1946 జూలై 2న అధ్యక్షుడు ట్రూమన్ లూస్-సెల్లర్ చట్టంపై సంతకం చేశారు. భారతీయులకు పౌరసత్వ అర్హత వచ్చింది. కొత్తగా వలస వచ్చేవారికి మాత్రం ఏడాదికి 100 మందే పరిమితి.

సౌంద్ 1949 డిసెంబరులో అమెరికా పౌరుడయ్యారు. ఆ దేశంలో దిగి అప్పటికి 29 ఏళ్లు. దిగినప్పుడు ఆయనకు ఇరవై ఒక్క ఏళ్లు, ఇప్పుడు యాభై.

ఈ సందర్భంలో మన తెలుగువాడిని ఒకరిని తలచుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా 1920ల తొలి ఏళ్లలోనే అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో పరిశోధన చేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే చిన్న ఊళ్లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలల్లో చేరారు. ఆయన బృందాల కృషి ఎన్నో ప్రాణాలు కాపాడింది. ఆయన పౌరసత్వం తీసుకోకుండానే 1948లో కన్నుమూశారు. ఒక దేశానికి ఎంతో ఇచ్చి కూడా కాగితం మీద విదేశీయుడిగానే ఉండిపోవచ్చని ఆయన జీవితం చెబుతుంది.

ఊరి పంచాయితీలో కుర్చీ

పౌరసత్వం వచ్చిన మరుసటి ఏడాదే, 1950లో, సౌంద్ వెస్ట్‌మోర్లాండ్ స్థానిక న్యాయాధికారి పదవికి పోటీ చేశారు. అమెరికాలో చిన్న కేసులు విచారించే ఇలాంటి న్యాయాధికారులను ఓటర్లే ఎన్నుకుంటారు. ఆయన గెలిచారు. కానీ ఎన్నిక నాటికి పౌరుడై ఏడాది నిండలేదన్న కారణంతో పదవి ఇవ్వలేదు. మరొకరైతే విసిగి ఊరుకునేవారు. ఆయన 1952లో మళ్లీ నిలబడి మళ్లీ గెలిచారు. ఈసారి కుర్చీలో కూర్చున్నారు.

ఆ పోటీ రోజుల సంగతి ఒకటి ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఊళ్లో ఒక హోటల్లో ఒకతను, నువ్వు గెలిస్తే నీ కోర్టుకు వచ్చేవాళ్లకు తలపాగాలు నువ్వే ఇస్తావా, మేమే కొనుక్కోవాలా అని అందరి ముందూ వేళాకోళం చేశాడట. సౌంద్ కోపం తెచ్చుకోకుండా, మనిషి తల మీద ఏముందో తనకు పట్టదనీ, తల లోపల ఏముందో అదే కావాలనీ బదులు చెప్పారట.

ఈ చిన్న సంఘటనలో చిన్న ఊరి స్వభావం అంతా ఉంది. పాతికేళ్లకు పైగా కళ్ల ముందు సేద్యం చేసిన మనిషిని కూడా తలపాగాతో గుర్తుచేసి వేళాకోళం చేయగలరు. ఆ ఊరివాళ్లే రెండుసార్లు ఓటు వేసి గెలిపించగలరు. రెండూ నిజమే. మొదటిది చూసి ఊరంతా చెడ్డదనుకున్నవాడూ, రెండోది చూసి ఊళ్లో వివక్షే లేదనుకున్నవాడూ ఇద్దరూ పొరబడతారు.

న్యాయాధికారిగా ఆయన ఊళ్లోని జూదాన్నీ వ్యభిచార గృహాలనూ అరికట్టడానికి గట్టిగా పూనుకున్నారు. గమనించండి, అది భారతీయుల సమస్య కాదు, ఊరి సమస్య. దాన్ని తనదిగా తీసుకున్నారు. 1956లో అమెరికా పార్లమెంటు దిగువసభకు పోటీ చేశారు. ఆయన ప్రత్యర్థి జాక్విలిన్ కాక్రన్ ఓడ్లమ్, ధ్వని వేగాన్ని మించి విమానం నడిపిన మొదటి మహిళ. అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కు స్నేహితురాలు. ఆ ఏడాది ఐసన్‌హోవర్ పార్టీ అధ్యక్ష పదవిని ఘనంగా గెలుచుకుంది. అయినా ఆ నియోజకవర్గంలో సౌంద్ గెలిచారు. అమెరికా కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన మొదటి ఆసియా సంతతి సభ్యుడు ఆయనే. 1958లోనూ 1960లోనూ తిరిగి ఎన్నికయ్యారు. 1957లో విదేశీ వ్యవహారాల కమిటీ సభ్యుడిగా భారతదేశానికి కూడా వచ్చారు. 1962లో పక్షవాతం రావడంతో ప్రజాజీవితం ముగిసింది. 1973లో మరణించారు.

మనకు ఏమి తెలుస్తోంది?

పరాయి ఊళ్లో స్థిరపడాలంటే రెండు తాళాలు తీయాలి. ఒక తాళంచెవి వచ్చినవాడి చేతిలో ఉంటుంది. అది పని, మాట నిలకడ, ఊరి మంచిచెడ్డల్లో పాలుపంచుకోవడం. బడి సమావేశానికి వెళ్లడం, గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోవడం, పక్కింటివాళ్లకు ఆపద వస్తే పలకరించడం చిన్న పనుల్లా కనిపిస్తాయి. చిన్న ఊళ్లో మనిషి పరిచయం అయ్యేది వాటితోనే. తోటి తెలుగువాళ్లతో కలిసి పండుగ చేసుకోవడం మంచిదే, అవసరమే. కానీ ఊళ్లో మనకు తెలిసినవాళ్లంతా మనవాళ్లే అయితే, మనం ఆ ఊళ్లో ఉన్నాం గాని ఆ ఊరివాళ్లం కాలేదని అర్థం.

రెండో తాళంచెవి చట్టం చేతిలో, అంటే అప్పటికే అక్కడ పౌరులైన వాళ్ల చేతిలో ఉంటుంది. సౌంద్ మొదటి తాళాన్ని ఎన్నో ఏళ్ల ముందే తీశారు. రెండోది తెరుచుకోవడానికి 1946 రావలసి వచ్చింది. ఆ ఎదురుచూపులో ఎందరి జీవితాలు గడిచిపోయాయో! అందుకే ఇది ఒక్క ప్రతిభావంతుడి విజయగాథగా మాత్రమే చదవవద్దు.

చివరగా ఒక మాట. మీలో విదేశాలకు వెళ్లేవాళ్లు కొందరే ఉంటారు. కానీ మన ఊళ్లకు వచ్చేవాళ్లను మీరందరూ చూస్తూనే ఉన్నారు. ఇటుక బట్టీల్లో పనికి ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తున్నాయి. హోటళ్లలో, కట్టడాల దగ్గర బీహార్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లు పనిచేస్తున్నారు. వాళ్లు ఈ దేశ పౌరులే, చట్టం తలుపు మూయలేదు. అయినా వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? అందరినీ కలిపి ఒకే పేరుతో పిలవడం మనకూ అలవాటే కదా? కొన్ని బట్టీల దగ్గర ఒడియా పిల్లలకు ఒడియాలోనే చదువు చెప్పే బడులు నడిచాయి. అలాంటి బడి కూడా ఒక తలుపు తెరవడమే.

మీ ఊళ్లో, మీ వీధిలో బయటి నుంచి వచ్చి ఉంటున్న కుటుంబం ఒకటి తప్పకుండా ఉంటుంది. ఈ వారంలో వాళ్లను పలకరించి మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడి నుంచి వచ్చారు? ఇక్కడ మొదట సాయం చేసింది ఎవరు? ఇప్పటికీ మూసి ఉన్న తలుపు ఏది? జవాబులు మీ నోటుపుస్తకంలో రాసుకుని, తరగతిలో చర్చించండి. ఒడియా మాట్లాడే పిల్లవాడి పేరు సరిగ్గా పలకడం దగ్గర మొదలుపెట్టినా చాలు. వెస్ట్‌మోర్లాండ్‌లో ఒక సింగ్‌కు దొరకడానికి ఇరవై తొమ్మిదేళ్లు పట్టిన చోటును, మన ఊళ్లో ఇంకొకరికి అంతకన్నా త్వరగా ఇవ్వగలం.